మోనోఫిన్‌తో ఈత ఎలా నేర్చుకోవాలి? బాయి ఈత వచ్చినవాళ్ల కోసం

నల్లగొండ చుట్టుపక్కల ఊళ్లలో పెరిగినవాళ్లకు ఈత బాయిలోనే వస్తుంది. నడుముకు ఎండిన సొరకాయ బుర్రో, ఖాళీ నూనె డబ్బానో కట్టి, మామయ్య గట్టు మీద నుంచి ఒక్క తోపు తోస్తాడు. నెల తిరిగేసరికి డబ్బా పోతుంది, దూకడం వస్తుంది. ఆ తర్వాత అడుగున పడేసిన రూపాయి బిళ్ల ఎవరు తెస్తారని పందెం. నాకూ అట్లనే వచ్చింది. ముప్పై దాటాక మొదటిసారి మోనోఫిన్ తొడుక్కున్న రోజు మాత్రం నేర్చిన ఈతంతా ఎటు పోయిందో తెలియలేదు. రెండు కాళ్లూ కట్టేసి నీళ్లలో వేసినట్టే అనిపించింది.

మోనోఫిన్ అంటే రెండు పాదాలూ పక్కపక్కనే దూరే ఒకే వెడల్పాటి రెక్క. చూసినవాళ్లంతా చేప తోక అంటారు కానీ అది డాల్ఫిన్ తోక. చేప తోక పక్కలకు ఆడుతుంది, డాల్ఫిన్ తోక పైకీ కిందికీ ఆడుతుంది. మనమూ అట్లనే ఆడించాలి. సిలిండర్ లేకుండా ఒక్క దమ్ముతో నీటి లోపల ఈదే ఫ్రీడైవింగ్‌లో దీని బలం ఎంతో ఒకే మనిషి రికార్డులు చూస్తే తెలుస్తుంది. పోలండ్‌కు చెందిన మతేయుష్ మలీనా 2016లో పూల్‌లో ఏ రెక్కా లేకుండా 244 మీటర్లు వెళ్లాడు. 2019లో మోనోఫిన్‌తో 316 మీటర్లు దాటాడు. సముద్రంలో రష్యాకు చెందిన అలెక్సీ మోల్చనోవ్ 2018లో బహామాస్‌లో 130 మీటర్ల లోతుకు పోయి వచ్చాడు. మనకు 25 మీటర్ల పూల్ ఒకవైపు నుంచి ఇంకోవైపుకు చాలు.

బాయిలో నేర్చినదాంట్లో ముందు మరిచిపోవాల్సింది

పందెంలో మునిగే ముందు మేమంతా ఒక పని చేసేవాళ్లం: గబగబా పదిహేను ఇరవై సార్లు ఊపిరి పీల్చి వదలడం. దాంతో దమ్ము ఎక్కువసేపు ఆగుతుందని నమ్మకం. నిజంగానే ఆగుతుంది, ప్రమాదమంతా అక్కడే ఉంది. ఊపిరి తీసుకోవాలనే తపన మనకు ముఖ్యంగా ఆక్సిజన్ తగ్గినందుకు రాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు వస్తుంది. గబగబా ఊపిరి తీసి వదిలితే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, ఆక్సిజన్ మాత్రం పెద్దగా పెరగదు. ఇక నీటి అడుగున తపన మొదలయ్యేలోపే ఆక్సిజన్ అడుగంటి మనిషి స్పృహ తప్పుతాడు. చేతులు కొట్టుకోవడం ఉండదు, కేక ఉండదు. ‘ఈత మంచిగ వచ్చినోడే, ఎట్ల మునిగిండో’ అని ఎండాకాలంలో ఊళ్లో చెప్పుకునే చావుల్లో కొన్నింటి వెనక ఇదే ఉండొచ్చని ఇప్పుడు అనిపిస్తుంది.

కాబట్టి మునిగే ముందు రెండు మూడు నిమిషాలు మామూలుగా, నిదానంగా ఊపిరి తీసుకోండి. చివర ఒక్క నిండు శ్వాస, అంతే. పైకి రాగానే దమ్మంతా ఒక్కసారిగా వదిలేయకుండా, కొద్దిగా వదిలి వెంటనే నిండా పీల్చాలి, కొన్ని సార్లు అట్లనే చేయాలి. నీటి కింద ఉన్న సమయానికి కనీసం రెండింతలు విశ్రాంతి తీసుకోవాలి.

ఒంటరిగా ఎప్పుడూ వద్దు. తోడు అంటే గట్టు మీద కూర్చొని ఫోన్ చూసుకునే బావమరిది కాదు. స్నార్కెల్ (ముఖం నీళ్లలో ఉంచి ఊపిరి తీసుకునే గొట్టం) పెట్టుకుని మీ పైనే వెంట ఈదుతూ, మీరు పైకి వచ్చాక కూడా అర నిమిషం కళ్లు తిప్పకుండా చూసే మనిషి. మీరు స్పృహ తప్పితే ముఖం నీటిపైకి ఎత్తి, కళ్లూ ముక్కూ కప్పే మాస్క్ తీసి, బుగ్గ మీద తట్టి, ముఖం మీద ఊది, పేరుతో పిలవాలి. చాలాసార్లు అంతటితో ఊపిరి వస్తుంది. రాకపోతే నోట్లోకి శ్వాస ఇస్తూ బయటికి లాగాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇది ఇద్దరూ ముందే సాధన చేసి ఉండాలి. మోనోఫిన్‌తో 100 మీటర్ల లోతు దాటిన మొదటి మహిళ నటాలియా మోల్చనోవా, పైన చెప్పిన అలెక్సీకి తల్లి. 2015లో స్పెయిన్‌లోని ఫార్మెంటెరా దీవి దగ్గర మునిగి తిరిగి రాలేదు. అంత అనుభవం ఉన్న మనిషినే నీళ్లు వదల్లేదు.

ఎక్కడ నేర్చుకోవాలి?

పూల్‌లో. మా వైపు నీళ్లకు కరువేం లేదు. నాగార్జునసాగర్ ఉంది, పానగల్లు ఉదయసముద్రం ఉంది, డిండి, కోయిల్‌సాగర్, జూరాల ఉన్నాయి, సోమశిల దగ్గర కృష్ణ కళ్లు చెదిరేంత ఉంది. వీటిలో ఏదీ మోనోఫిన్ నేర్చుకునే చోటు కాదు. జాలరుల వలలు పైకి కనిపించవు, వెడల్పాటి రెక్క వాటిలో చిక్కితే చేత్తో విప్పుకోలేరు. కృష్ణలో మొసళ్లున్నాయి. సాగర్ ఎడమ కాలువలో ప్రవాహం గజ ఈతగాళ్లనే లాక్కుపోతుంది. బాయిలోనా? మోటారు పైపులు, కరెంటు తీగలు, రాతి అంచులు. పైగా పది తన్నులు తన్నే జాగా ఉండదు. నేనైతే వారానికోసారి నల్లగొండ నుంచి వంద కిలోమీటర్లు బస్సులో హైదరాబాద్ పూల్‌కు పోయేవాణ్ని. ముందే మేనేజర్‌ను అడిగి పెట్టుకోండి. నన్ను ఒకచోట రెక్క చూసి గేటు దగ్గరే ఆపేశారు, టికెట్ డబ్బులు కూడా తిరిగి ఇవ్వలేదు.

ఏం కొనాలి, ఏది ముందు?

మోనోఫిన్ అన్నిటికంటే చివర కొనండి. మొదట మాస్క్ లేదా ఈత కళ్లద్దాలు, ముక్కు క్లిప్, ముఖం మధ్యలో నిలిచే స్నార్కెల్ చాలు. రెండు మూడు నెలలు రెక్క లేకుండానే డాల్ఫిన్ తన్ను (రెండు కాళ్లూ కలిపి పైకీ కిందికీ ఆడించడం) సాధన చేసి, అప్పటికీ మోజు తగ్గకపోతే కొనండి.

మాస్క్ కొనేటప్పుడు పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చేయి వదిలినా అది ముఖానికే అతుక్కుని ఉంటే మీకు సరిపోయినట్టు. లోపల గాలి తక్కువ పట్టే చిన్న మాస్క్ మేలు. కొత్త మాస్క్ అద్దానికి లోపల సన్నని పొర ఉంటుంది, టూత్‌పేస్ట్‌తో రుద్ది కడగకపోతే మంచు పట్టినట్టు మసకబారుతుంది. ముక్కు బయట ఉండే ఈత కళ్లద్దాలు పూల్ వరకే. లోతుకు పోతే నీటి ఒత్తిడికి అవి కళ్లను పీల్చేస్తాయి, లోపలికి గాలి ఊదే దారి ఉండదు.

ఇక మోనోఫిన్. దీంట్లో అందరూ బ్లేడు, అంటే నీటిని నెట్టే వెడల్పాటి పలక గురించే అడుగుతారు, నేను పాదం తొడుగు గురించే చెబుతాను. తొడుగు వదులైతే మీ బలం బ్లేడుకు అందదు, మడమలు ఒరుసుకుపోతాయి. మరీ బిగుతైతే పది నిమిషాల్లో వేళ్లు తిమ్మిరెక్కి పిక్కలు పట్టేస్తాయి. పాదాలు సాయంత్రానికి కొద్దిగా ఉబ్బుతాయి కాబట్టి కొలత సాయంత్రమే తీయండి. తెల్ల కాగితం మీద రెండు పాదాలూ గీసి, పొడవూ వెడల్పూ సెంటీమీటర్లలో రాసి, అమ్మేవాళ్లకు ఆ కాగితం ఫొటోనే పంపండి. చెప్పుల నంబరు నమ్ముకుంటే మోసపోతారు. మనలో చెప్పుల్లేకుండా తిరిగి పాదం ముందు భాగం వెడల్పైనవాళ్లు ఎక్కువ. నా మొదటి తొడుగు పొడవుకు సరిపోయింది, వెడల్పుకు ఏడిపించింది.

బ్లేడు విషయంలో మొదటిసారి మెత్తనిదే తీసుకోండి. గట్టి బ్లేడు వేగం ఇస్తుంది కానీ, తీరు కుదరనివాడి చేత మోకాళ్లతో తన్నిస్తుంది. ఫైబర్‌గ్లాస్ అయితే ధర తక్కువ, దెబ్బలకు తట్టుకుంటుంది. కార్బన్ తేలిక, చురుకు. పూల్ గోడకు అంచు కొట్టుకుంటే మాత్రం గుండె గుభేల్మంటుంది. పిల్లల జలకన్య ప్లాస్టిక్ తోకలు సరదాకు బాగుంటాయి, తీరు నేర్పవు. చీలమండ కీలు సరిగా సాగనివాళ్లకు తొడుగు కొద్దిగా ఏటవాలుగా బిగించిన రకం నయం. పాతది కొంటే బ్లేడును మెల్లగా వంచి పొరలు విడిపోతున్నాయేమో, రబ్బరు ఎండి పగుళ్లిచ్చిందేమో చూడండి.

మెడ బరువు ఒక్కటి మాత్రం ఇంట్లో చేసుకోవచ్చు. నిండు ఊపిరితో ఛాతీ తేలిపోతుంటుంది, దాన్ని అణచడానికి ఇది. పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబు అడిగి, మెడ చుట్టూ వచ్చేంత ముక్క కోసి, వలలకు కట్టే సీసపు గుండ్లు నింపి, కొసలు గట్టిగా కట్టి, పైన కరెంటు టేపు చుట్టండి. ఒక్క చేత్తో ఊడేలా బ్యాగు క్లిప్ పెట్టండి, ఇది తప్పనిసరి. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి. కిలోతో మొదలుపెట్టి, మీటరు లోతులో కదలకుండా జారుతున్నప్పుడు తేలకుండా మునగకుండా ఉండేదాకా కొద్దికొద్దిగా పెంచండి. అనుమానం ఉంటే తక్కువే ఉంచండి.

తన్ను ఎలా వస్తుంది?

నేల మీదే మొదలుపెట్టండి. గోడకు వీపు ఆనించి, చేతులు పైకెత్తి, ఒక అరచేయి మీద ఇంకో అరచేయి పెట్టి, దండచేతులతో చెవులు నొక్కండి. నడుము విల్లులా వంగకుండా ఈ భంగిమ ఒక నిమిషం నిలవాలి. మోచేతులు వంగిపోతుంటే రోజూ తువ్వాలు రెండు కొసలూ పట్టుకుని తల మీదుగా వెనక్కి ముందుకు తిప్పండి. చీలమండలు సాగడానికి వజ్రాసనాన్ని మించింది లేదు.

ఇక అసలు విషయం. గొంగడి దులపడం చూశారు కదా? ఒక అంచు పట్టుకుని చేయి చిన్నగా విదిలిస్తే అల పాకుతూ పోయి రెండో అంచు ఫట్‌మంటుంది. విదిలించేది చేయి, కొట్టేది కొస. ఇక్కడ చేయి మీ ఛాతీ, కొస మీ రెక్క. ఛాతీని కొద్దిగా కిందికి నొక్కితే తుంటి పైకి లేస్తుంది, ఆ అల తొడల మీదుగా పాకి పాదాలకు చేరుతుంది. మోకాళ్లు వాటంతటవి కొద్దిగా వంగుతాయి, మీరు వంచకూడదు. సైకిల్ తొక్కినట్టు మోకాళ్లు ముడిచారంటే తొడలే నీటికి అడ్డం నిలుస్తాయి.

ముందు రెక్క లేకుండా, స్నార్కెల్‌తో నీటిపైనే ఛాతీ నొక్కడం ఒక్కటే చేయండి. తర్వాత పక్కకు తిరిగి చేయండి. పక్కకు ఉన్నప్పుడు కిందికీ పైకీ కొట్టే బలంలో తేడా వెంటనే తెలుస్తుంది. అందరం కిందికి బలంగా కొట్టి పైకి ఊరికే లాగుతాం, రెండూ సమానంగా ఉండాలి.

రెక్క తొడిగే రోజు పూల్ అంచున కూర్చొని, కాళ్లు నీళ్లలో పెట్టి తొడుక్కోండి. కొద్దిగా సబ్బు నీళ్లు పోస్తే పాదం సులువుగా దూరుతుంది. తొడుక్కుని నడవబోకండి, నేను నడవబోయి నవ్వులపాలయ్యాను. మొదటి రోజులు నీటిపైనే చిన్న అలలు వేయండి. రెక్క నీటిని ఫట్ఫట్‌మని కొడుతుంటే అది గాలిలోకి లేస్తున్నట్టు, కొద్దిగా లోపలికి దిగండి. తల ఎత్తి ముందుకు చూడాలనిపిస్తుంది, చూడొద్దు, అడుగున గీతను చూడండి. తల లేస్తే నడుము పడిపోతుంది.

తీరు కుదిరాక ఒక మీటరు లోతులో తన్ని, జారి, వేగం తగ్గబోతుంటే మళ్లీ తన్నండి. 25 మీటర్లకు ఎన్ని తన్నులో లెక్కపెట్టండి. నాకు మొదట 19 పడ్డాయి, నాలుగు నెలలకు 11కి వచ్చాయి. వీడియో తీయించుకుంటే మోకాళ్ల బండారం బయటపడుతుంది, ఎవరూ నమ్మరు తమవి అంత వంగుతాయని. గోడ దగ్గర తిరిగేటప్పుడు ఒక చేయి ఆనించి, మోకాళ్లు ముడిచి, పక్కకు తిరిగి, బ్లేడు మొత్తం గోడకు పరిచి మెల్లగా నెట్టండి.

లోతు సంగతి వేరు. 10 మీటర్లకే ఒత్తిడి రెట్టింపవుతుంది, చెవుల్లో ఒత్తిడి సమం చేయడం రాకుండా దిగితే కర్ణభేరి చిరుగుతుంది. దానికి తాడు, నడుమునో చేతినో ఆ తాడుకు కలిపి ఉంచే పట్టీ, పక్కన గురువు ఉండాలి. అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) కోర్సులున్నాయి, సెలవులూ డబ్బూ కూడబెట్టుకుని అక్కడికే పోండి.

రెక్కను ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. మే నెల ఎండలో డాబా మీద పెడితే రబ్బరు పెళుసుబారుతుంది. గోడకు ఆనించి నిలబెడితే బ్లేడు వంగిపోతుంది కాబట్టి మంచం కింద పరిచి పెట్టాలి. మా ఇంట్లో ఎలుకలు ఒక తొడుగు అంచు కొరికాయి, అప్పటి నుంచి గోనెసంచిలో చుట్టి అటక మీద పెడుతున్నాను.