వేల్స్ ఇనుప కార్ఖానాల పూర్వీకుల సర్టిఫికెట్లు: దరఖాస్తు విధానం, తప్పు జరిగే చోటు

సికింద్రాబాద్ లాలాగూడ, కాజీపేట, గుంతకల్లు వంటి రైల్వే ఊళ్లలో పెరిగిన ఆంగ్లో-ఇండియన్ కుటుంబాల్లో కొందరి ఇంట్లో ‘మా పెద్దలు వేల్స్ నుంచి వచ్చారట’ అనే మాట తరాలుగా ఉంది. కార్డిఫ్, న్యూపోర్ట్ వైపు స్థిరపడి అక్కడివారిని పెళ్లి చేసుకున్న తెలుగువారి పిల్లలకు ఆ మాట మరీ దగ్గరిది. వాళ్ల తాతముత్తాతలు మెర్థర్ టిడ్‌విల్, డౌలైస్, బ్లైనావన్, ఎబూ వేల్ కొలుముల దగ్గర పనిచేసి ఉండవచ్చు. ఈ వివరాలు వెతికేవారిలో కొందరు దళారులకు డబ్బు కట్టి, చివరికి వేరే కుటుంబం వాళ్ల జనన పత్రాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నారు. అది చూసి ఊరుకోలేక ఈ వివరం రాస్తున్నాను.

ముందుగా వీసా మాట. ‘వెల్ష్ పూర్వీకుడి కాగితం దొరికితే బ్రిటన్ వీసా వచ్చేస్తుంది’ అని చెప్పే ఏజెంట్లు ఉన్నారు. యూకే యాన్సెస్ట్రీ వీసా అనేది నిజంగానే ఉంది. భారతదేశం కామన్వెల్త్ దేశం కనుక మనవారూ దరఖాస్తు చేయవచ్చు. కానీ తాత, నానమ్మ, అమ్మమ్మలలో ఒకరు బ్రిటన్‌లో పుట్టి ఉండాలి. ముత్తాత పుట్టుక చాలదు. 1840లలో డౌలైస్‌లో పుట్టిన మనిషి పత్రం చూపించి ఈ వీసా ఇప్పిస్తామని ఎవరైనా అడ్వాన్స్ అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఇక సర్టిఫికెట్ల విషయం. ఇంగ్లండ్, వేల్స్‌లలో జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు 1837 జులై 1న మొదలైంది. వాటి ప్రతులు ఇచ్చేది జనరల్ రిజిస్టర్ ఆఫీసు. వెతికేవారంతా జీఆర్ఓ అంటారు. ఆ కాలపు పత్రం కోసం ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు. బంధుత్వం నిరూపించనక్కర్లేదు, లాయరు, నోటరీ, ఏజెంటు ఎవరూ అక్కర్లేదు. గవ్ డాట్ యూకే అనే ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి జీఆర్ఓ పేజీకి వెళ్లి, ఈమెయిల్‌తో ఖాతా తెరిచి, సూచికలో (నమోదైన పేర్ల జాబితాలో) వెతికి, కార్డుతో చెల్లిస్తే సరిపోతుంది. భారతదేశ చిరునామాకు కూడా పంపుతారు. గూగుల్‌లో పైన ప్రకటనగా కనిపించే కొన్ని సైట్లు ప్రభుత్వ సైటులాగే రంగులు, ముద్రలు పెట్టుకుని, ఇదే పత్రాన్ని రెట్టింపుకు మించిన ధరకు తెప్పిస్తాయి. వాళ్లు చేసేది మీ వివరాలను జీఆర్ఓ ఫారంలో నింపడమే.

పత్రం మూడు రూపాల్లో దొరుకుతుంది. 2024లో పెంచిన ధరల ప్రకారం డిజిటల్ ఇమేజ్ 3 పౌండ్లు, పీడీఎఫ్ 8 పౌండ్లు, కాగితం సర్టిఫికెట్ 12.50 పౌండ్లు. ఆర్డర్ పెట్టే రోజున పేజీలో ఏది ఉంటే అదే ధర. మొదటి రెండూ జనన, మరణాలకు మాత్రమే, అదీ నిర్ణీత సంవత్సరాల పరిధిలో ఇస్తారు. కుటుంబ చరిత్ర తెలుసుకోవడానికి అవి చాలు. వీసాకో, కోర్టుకో, ఆస్తి పనికో మాత్రం పనికిరావు. వాటికి కాగితం సర్టిఫికెట్టే కావాలి. వివాహ పత్రం కాగితం రూపంలోనే వస్తుంది. ధర చూసి చాలామంది దాన్ని వదిలేస్తారు. వెతుకులాట దారి తప్పేది సరిగ్గా ఇక్కడే కాబట్టి దీని గురించి తర్వాత వివరంగా చెబుతాను.

దరఖాస్తు ఫారం జీఆర్ఓ రిఫరెన్స్ అడుగుతుంది. అంటే సంవత్సరం, త్రైమాసికం, నమోదు జిల్లా, వాల్యూమ్, పేజీ. సూచికలో మీరు ఎంచుకున్న వరుస నుంచే ఇవన్నీ ఫారంలోకి వస్తాయి. మీరు తప్పు వరుస ఎంచుకుంటే తప్పు మనిషి పత్రం వస్తుంది. మీరిచ్చిన రిఫరెన్స్ ప్రకారం వాళ్లు సరైనదే పంపినట్టు లెక్క, కాబట్టి డబ్బు వెనక్కి రాదు.

తప్పు ఎంచుకోవడం ఎంత తేలికో మన ఇంటిపేర్లకు అలవాటుపడిన వారికి మొదట అర్థం కాదు. మనకు ఇంటిపేర్లు వేల రకాలు. దక్షిణ వేల్స్ లోయల్లో జోన్స్, డేవిస్, విలియమ్స్, ఇవాన్స్, థామస్ అనే గుప్పెడు పేర్లతోనే ఊళ్లకు ఊళ్లు నిండిపోయాయి. అసలు పేర్లు కూడా అంతే: జాన్, డేవిడ్, విలియం, మేరీ, మార్గరెట్. దీనికి తోడు మెర్థర్ జనాభా 1801లో 7,705 ఉండగా, 1851 నాటికి 46 వేలు దాటింది. కార్మార్థెన్‌షైర్, కార్డిగన్‌షైర్ వంటి చోట్ల పల్లెల నుంచి కొలుముల పని కోసం వలస వచ్చిన జనం ఇందులో చాలామంది ఉన్నారు. ఆ పల్లెల్లో కొన్ని కుటుంబాలు అప్పటికీ తండ్రి పేరునే కొడుక్కి ఇంటిపేరుగా పెట్టేవి. విలియం ఇవాన్ కొడుకు డేవిడ్, డేవిడ్ విలియమ్స్ అయ్యేవాడు. తండ్రీకొడుకుల ఇంటిపేర్లు కలవలేదని సరైన మనిషినే పక్కన పెట్టేసే ప్రమాదం ఇందువల్లే వస్తుంది.

‘మెర్థర్ టిడ్‌విల్’ అని సూచికలో కనిపిస్తే ఆ పట్టణమే అని అనుకోకండి. అది నమోదు జిల్లా పేరు. డౌలైస్, అబర్‌డేర్, గెల్లిగేర్ అన్నీ అందులోనే ఉన్నాయి. ఈ జిల్లాకు 1851 వరకు వాల్యూమ్ 26, 1852 నుంచి 11ఏ. డౌలైస్‌కు కొద్ది మైళ్ల దూరంలోనే ఉన్న రమ్నీ ఇనుప కార్ఖానా కుటుంబాలు మాత్రం వేరే కౌంటీ, వేరే జిల్లా కిందికి వస్తాయి: 1849 వరకు అబర్‌గవెన్నీ, ఆ తర్వాత బెడ్‌వెల్టి. పని కోసం ఒక లోయ నుంచి పక్క లోయకు మారిన కుటుంబం సూచికలో మాయమైపోయినట్టు కనిపిస్తుంది. పక్క జిల్లాలో చూస్తే దొరుకుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1881 జనాభా లెక్కల్లో జాన్ డేవిస్, 38 ఏళ్లు, పడ్లర్ (కొలిమిలో కరిగిన ఇనుమును కలిపే పనివాడు), పుట్టింది డౌలైస్ అని ఉంది. అంటే 1842-43లో పుట్టి ఉండాలి. జీఆర్ఓ సూచికలో ఆ రెండేళ్లకు మెర్థర్ జిల్లాలో వెతికితే జాన్ డేవిస్‌లు వరుసగా వస్తారు. వీరిలో ఎవరు? చాలామంది ఇక్కడ మొదటి పేరు మీద నొక్కేస్తారు. దయచేసి ఆగండి.

జీఆర్ఓ సొంత సూచికలో 1837 నుంచీ తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. ఫ్రీబీఎండీ వంటి వెబ్‌సైట్లలో ఉచితంగా దొరికే పాత సూచికల్లో అది 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచే కనిపిస్తుంది. ఈ ఒక్క తేడా వల్ల పని సగం తేలికవుతుంది. తల్లి పుట్టింటి పేరు మీకు తెలియకపోతే 1851 జనాభా లెక్కలకు వెళ్లండి. ఎనిమిదేళ్ల జాన్‌తో పాటు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కనిపిస్తారు. వారిలో అరుదైన పేరు ఉన్నవారిని పట్టుకోండి. గోమర్ డేవిస్ అనో, కెజియా డేవిస్ అనో ఉంటే సూచికలో ఆ పేరుతో ఒకరో ఇద్దరో ఉంటారు. ఆ వరుసలో తల్లి పుట్టింటి పేరు మోర్గన్ అని ఉంటే, ఇప్పుడు తల్లి పేరు మోర్గన్ ఉన్న జాన్ డేవిస్ కోసం వెతకండి. పది పేర్లు ఒకటికో రెండుకో తగ్గుతాయి. ఒక్క పైసా ఖర్చు కాలేదు.

ఇద్దరు మిగిలితే మరణాల సూచిక చూడండి. బిడ్డ చనిపోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడం ఆ ఇళ్లలో మామూలే. జీఆర్ఓ మరణాల సూచికలో 1837 నుంచీ వయసు ఉంటుంది కనుక పసితనంలో పోయిన జాన్‌ను గుర్తించవచ్చు. 1849 కలరాలో మెర్థర్ ప్రాంతంలో వెయ్యి మందికి పైగా పోయారు. ఆ ఏడాది మరణాల్లో మీ కుటుంబం వారి పేర్లు వరుసగా కనిపిస్తే చేయి ఆగిపోతుంది. అది సహజం. కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టండి.

సూచికలో అసలు పేరే లేకపోతే కంగారు పడకండి. త్రైమాసికం పుట్టిన తేదీని బట్టి కాదు, నమోదు చేసిన తేదీని బట్టి ఉంటుంది. నమోదుకు ఆరు వారాల గడువు ఉండేది కాబట్టి మార్చిలో పుట్టిన బిడ్డ జూన్ త్రైమాసికంలో కనిపించవచ్చు. పైగా నమోదు చేయించకపోతే జరిమానా అనే నిబంధన 1875 నుంచే అమలైంది, అంతకుముందు కొన్ని జననాలు నమోదు కాకుండానే పోయాయి. అటువంటప్పుడు తోబుట్టువు పత్రం తెప్పించుకుంటే తల్లిదండ్రుల వివరాలు అవే వస్తాయి.

ఇప్పుడు వివాహ పత్రం. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: ఒక్క పత్రానికే డబ్బుంటే అది వివాహ పత్రానికే పెట్టండి. జనన పత్రం తల్లిదండ్రుల పేర్లు చెబుతుంది కానీ, ఆ జాన్ మీ జానే అని రుజువు చేయదు. వివాహ పత్రంలో వధూవరుల పేర్లు, వయసు, వృత్తి, నివాసం, ఇద్దరి తండ్రుల పేర్లు, వాళ్ల వృత్తులు ఒకే వరుసలో ఉంటాయి. కింద సాక్షుల పేర్లు, చాలాసార్లు తోబుట్టువులవే. సంతకం రానివారి పేరు పక్కన గుణకారం గుర్తు. తండ్రి పేరు డేవిడ్, వృత్తి మైనర్ (గని కార్మికుడు) అని ఇక్కడ తెలిస్తే, తండ్రి థామస్ అని ఉన్న జాన్ జనన పత్రం మీది కాదని తేలిపోతుంది. ‘ఫుల్ ఏజ్’ అని ఉంటే 21 ఏళ్లు నిండాయని మాత్రమే అర్థం.

వివాహాలకు జీఆర్ఓ సొంత సూచిక లేదు. ఫ్రీబీఎండీలో వెతకాలి. 1912కు ముందు సూచికలో భాగస్వామి ఇంటిపేరు ఉండదు. కాబట్టి వరుడి పేరు, వధువు పేరు విడివిడిగా వెతికి, ఇద్దరికీ ఒకే త్రైమాసికం, ఒకే జిల్లా, ఒకే వాల్యూమ్, ఒకే పేజీ ఉన్నాయో లేదో చూడాలి. ఒకే పేజీలో ఒకటికి మించి పెళ్లిళ్లు ఉంటాయి, అందువల్ల పేజీ కలిసినంత మాత్రాన నూరు శాతం ఖాయం కాదు. తర్వాతి జనాభా లెక్కల్లో భార్య పేరుతో సరిచూసుకుని అప్పుడు ఆర్డర్ పెట్టండి.

పత్రం చేతికి వచ్చాక వృత్తి గడిలోని ఒక్క పదాన్ని తేలిగ్గా తీసుకోకండి. అతని రోజు ఎలా గడిచిందో చెప్పేది అదే. ఇనుప ప్రాంతాల్లో కోలియర్ అంటే బొగ్గు తవ్వేవాడు, మైనర్ అంటే సాధారణంగా ఇనుప రాయి తవ్వేవాడు. గని దగ్గరి ఫైర్‌మన్ మంటలు ఆర్పేవాడు కాదు. లోపల ప్రమాదకరమైన వాయువు ఉందేమో చూసే బాధ్యత అతనిది. హాలియర్ గుర్రంతో బళ్లు లాగించేవాడు. పడ్లర్ పని అన్నిటికంటే కఠినమైన వాటిలో ఒకటి. కరిగిన ముతక ఇనుమును కొలిమి నోటి దగ్గర నిలబడి పొడవాటి ఇనుప కడ్డీతో కలుపుతూ ఉండాలి. లోపలి కర్బనం కాలిపోయేకొద్దీ ఇనుము చిక్కబడి బరువెక్కుతుంది. దాన్ని ముద్దలుగా చేసి బయటికి తీస్తే సుత్తి కింద కొట్టి, రోలర్ల మధ్య పట్టాలుగా, కడ్డీలుగా సాగదీసేవారు. 1784లో హెన్రీ కోర్ట్ పేటెంట్ తీసుకున్న ఈ పద్ధతి మెర్థర్‌లోని కవార్త్‌వా కార్ఖానాలో పక్వానికి వచ్చి ‘వెల్ష్ పద్ధతి’గా పేరు పొందింది. కొడుకు పత్రంలో తండ్రి పడ్లర్ అనీ, మనవడి పత్రంలో స్టీల్ వర్కర్ అనీ ఉంటే వంశం తప్పిందని భయపడనక్కర్లేదు. డౌలైస్ 1860లలో బెస్సెమర్ అనే కొత్త పద్ధతిలో ఉక్కు తయారీకి మారింది. 1890ల నాటికి అదే కంపెనీ కార్డిఫ్ సముద్ర తీరంలో కొత్త కొలుములు నడిపింది. కుటుంబాలూ వెంట నడిచాయి.

పత్రాల తర్వాత వెళ్లాల్సిన చోట్లు మూడు. డౌలైస్ కంపెనీ ఉత్తరాల సంపుటాలు కార్డిఫ్‌లోని గ్లమోర్గన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రమ్నీ ఉన్న మన్మత్‌షైర్ కౌంటీ వైపు కుటుంబాలకు ఎబూ వేల్‌లోని గ్వెంట్ ఆర్కైవ్స్. అది ఉన్నది ఒకప్పటి ఉక్కు కంపెనీ కార్యాలయ భవనంలోనే. అబరిస్త్‌విత్‌లోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్‌లో కవార్త్‌వా పత్రాలున్నాయి. కంపెనీ ఉత్తరాల్లో ధరలు, ఆర్డర్లు, యజమానుల సంగతులే ఎక్కువ. మామూలు కూలీ పేరు కనిపించడం అరుదు. ‘మీ ముత్తాత ఉద్యోగ ఫైలు తెప్పిస్తాం’ అనేవారిని నమ్మకండి. దానికంటే నేషనల్ లైబ్రరీ ఉచితంగా పెట్టిన 1919 వరకు వచ్చిన వెల్ష్ పత్రికల్లో వెతకడం మేలు. ప్రమాదాలు, విచారణలు, చాపెల్ (ఆంగ్లికన్ చర్చికి చెందని క్రైస్తవుల ప్రార్థనా మందిరం) సభలు, మరణ వార్తలు అక్కడ పేర్లతో సహా ఉంటాయి.

1837కు ముందు తరానికి జీఆర్ఓలో ఏమీ దొరకదు. ఇనుప ఊళ్లలో ఎక్కువమంది చాపెళ్లకు వెళ్లేవారు కనుక ఆంగ్లికన్ చర్చి రిజిస్టర్లలో మాత్రమే చూసి వదిలేయకండి. ప్రభుత్వానికి అప్పగించిన చాపెల్ రిజిస్టర్లు లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 4 అనే వరుసలో ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చిన వ్యక్తి అయితే అతని ఇక్కడి పెళ్లి, పిల్లల బాప్తిస్మం, ఖననం వివరాలు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్/2 వరుసలో చూడాలి. వివాహ నమోదులో తండ్రి పేరు దొరికితే వేల్స్ వెతుకులాట అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

జీఆర్ఓ పత్రంలో పేరో వృత్తో అర్థం కాకుండా ఉంటే స్థానిక రిజిస్టర్ ఆఫీసుకు రాయండి. జీఆర్ఓ దగ్గర ఉన్నవి స్థానిక రిజిస్టర్ల నుంచి ఎత్తి రాసి పంపిన ప్రతులు. రాసేటప్పుడు తప్పులు దొర్లాయి. స్థానిక ఆఫీసుకు జీఆర్ఓ వాల్యూమ్, పేజీ సంఖ్యలతో పని లేదు. పేరు, తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు రాసి, ఆ ఊరి పాత రిజిస్టర్లు ఇప్పుడు ఏ కౌన్సిల్ దగ్గర ఉన్నాయో అడిగాకే ఫీజు చెల్లించండి.