కుటుంబ ప్రార్థనలో త్రియేక దేవుని ప్రేమను తెలుసుకొని ప్రార్థించడం ఎలా?

తెలుగు క్రైస్తవ ఇళ్లలో రాత్రివేళ జరిగే కుటుంబ ప్రార్థన సాధారణంగా "యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్" అన్న మాటతో ముగుస్తుంది. చిన్నపిల్లలకు సైతం కంఠస్థమైన ఈ ఒక్క వాక్యంలో త్రిత్వ విశ్వాసం, అంటే తండ్రి, కుమారుడైన యేసు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న నమ్మకం, ఇమిడి ఉంది. మనం అడుగుతున్నది తండ్రిని. అడిగే అర్హత మనకు దొరికింది కుమారుని వలన. అడగాలన్న కోరికను మనలో పుట్టించేది పరిశుద్ధాత్మ. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 2:18 చెప్పేదీ ఇదే. త్రిత్వాన్ని అర్థంకాని లెక్కగా భావించి పక్కన పెట్టిన కుటుంబం కూడా ప్రతి రాత్రి ఆ త్రిత్వంలో నిలిచే ప్రార్థిస్తోంది కనుక, ఆ పనిని ఎరిగి చేయడమే మనం నేర్చుకోవలసినది.

కూర్చునే ముందు ఇంట్లో మాట పట్టింపులు ఉంటే సరిచేసుకోవాలి. అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి ముందుగా సహోదరునితో సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు ఆజ్ఞాపించాడు. దేవుడు తనలో తానే ప్రేమ సహవాసమై ఉన్నాడని ఒప్పుకునే నోరు పక్కనే కూర్చున్న కోడలితో మూడు రోజులుగా మాట్లాడకపోతే, ఆ ఒప్పుకోలు పెదవుల దగ్గరే ఆగిపోతుంది.

ఆ తరువాత ఎవరిని పిలుస్తున్నామో గమనిస్తూ ప్రార్థన మొదలుపెట్టాలి. కథోలిక కుటుంబాలు "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున" అంటూ సిలువ గుర్తు వేసుకోవడంలో ఈ జాగ్రత్త సహజంగానే ఉంది. ఆ అలవాటు లేని సంఘాలవారు ఒక నిమిషం మౌనంగా ఉండి ప్రారంభించవచ్చు. తండ్రికి దినమంతటి పోషణ కోసం కృతజ్ఞత చెప్పాలి. కుమారుని ఎదుట ఆ రోజు చేసిన తప్పును పేరుపెట్టి ఒప్పుకోవాలి. పరిశుద్ధాత్మను ఇతరుల అవసరాల కోసం మనలో ప్రార్థించమని అడగాలి. తొందరలో "తండ్రీ, మా కొరకు సిలువలో మరణించినందుకు స్తోత్రం" అని అనేస్తుంటాం. సిలువలో మరణించింది కుమారుడు, ఆయనను మన కోసం అనుగ్రహించింది తండ్రి. ప్రేమించి ఇచ్చినవాడు ఒకడు, ప్రేమించి తన్ను తాను అప్పగించుకున్నవాడు ఒకడు అని తెలిసినప్పుడు స్తోత్రం మరింత లోతుగా వస్తుంది.

పరిశుద్ధాత్మ గురించి మాట్లాడేటప్పుడు మన భాషలోనే ఒక చిక్కు ఉంది. "ఆత్మ" అన్న పదం వ్యాకరణరీత్యా "అది" అనిపించుకుంటుంది. దానివలన పిల్లలు ఆయనను ఒక శక్తిగా, ప్రవాహంగా ఊహించుకుంటారు. యోహాను సువార్త 14వ అధ్యాయంలో యేసు ఆయనను ఆదరణకర్త అని పిలిచాడు, తెలుగు బైబిలు అక్కడ "ఆయన" అనే అంటుంది. ఇంట్లో కూడా ఆ మాటే వాడాలి.

"మనకు ముగ్గురు దేవుళ్లా?" అని పిల్లలు ఏదో ఒక రాత్రి అడుగుతారు. వారిని గద్దించకూడదు, సంఘం కూడా ఈ ప్రశ్నతో శతాబ్దాల పాటు కుస్తీపట్టింది. ఆదివార బడిలో వినిపించే నీరు, మంచు, ఆవిరి ఉదాహరణను నేను వాడవద్దంటాను, ఎందుకంటే నీరు మంచుగా మారినట్టు తండ్రి కుమారునిగా మారలేదు. యొర్దానులో యేసు బాప్తిస్మం పొంది ఒడ్డుకు వస్తున్న వేళ, ఆత్మ పావురమువలె దిగివస్తుండగానే తండ్రి స్వరం ఆకాశం నుండి వినబడింది. ముగ్గురూ ఒకే ఘడియలో అక్కడ ఉన్నారు. ఆ వృత్తాంతాన్ని చదివి వినిపిస్తే చాలు. కొంచెం పెద్దపిల్లలకైతే క్రీ.శ. 325లో నీకయ పట్టణంలో సమకూడిన సంఘాధ్యక్షుల సభ సంగతి చెప్పవచ్చు. కుమారుడు సృష్టించబడినవాడన్న అరియసు అనే బోధకుని బోధను ఆ సభ త్రోసిపుచ్చి, తండ్రితో ఆయన ఏకతత్వం గలవాడని ప్రకటించింది. ఇది పండితుల తగవు మాత్రమే కాదు: కుమారుడు సృష్టి అయితే సిలువలో దేవుడు మరెవరినో పంపి బలి చేశాడని అర్థం వస్తుంది, కుమారుడు దేవుడే అయితే దేవుడు తన్ను తానే ఇచ్చుకున్నాడు.

అప్పుడు పిల్లలను తిరిగి ఒక ప్రశ్న అడగాలి. దేవుడు ప్రేమాస్వరూపి అని యోహాను మొదటి పత్రిక 4వ అధ్యాయం చెబుతోంది కదా, లోకమే లేనప్పుడు ఆయన ఎవరిని ప్రేమించాడు? జగత్తు పునాది వేయబడక మునుపే తండ్రి తనను ప్రేమించాడని యోహాను 17:24లో యేసు చెప్పిన మాటలో జవాబు ఉంది. మనలను ప్రేమించడం మొదలుపెట్టక ముందు దేవుడు ఒంటరివాడు కాడు. ఆయన లోటు తీర్చుకోవడానికి మనలను కలుగజేయలేదు, నిండి పొర్లిన ప్రేమలో చోటు ఇవ్వడానికి కలుగజేశాడు. ఈ మాట అర్థమైన పిల్లవాడు పరీక్షలో తప్పిన రోజున కూడా దేవుని దగ్గరకు భయం లేకుండా వస్తాడు, అందుకే నేను దీని దగ్గర ఎక్కువసేపు ఆగమంటాను.

ముగింపుగా కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక చివరనున్న ఆశీర్వాదాన్ని ఒకరి కోసం ఒకరు పలకాలి. క్రీస్తు కృప, దేవుని ప్రేమ, పరిశుద్ధాత్మ సహవాసం అన్న ఆ మూడింటినీ జ్వరంతో ఉన్న పిల్లవాడి తల మీద చెయ్యి ఉంచి, ఊరు వెళ్లిన కొడుకు పేరు ఫోనులో పలికి, ఆ నాటి గొడవలో మనలను నొప్పించినవారి పేరు కూడా తలచి చెప్పాలి.

మాటలు రాని రాత్రులు ఉంటాయి. ఇంట్లో ఒకరిని సమాధి చేసి వచ్చిన రోజున ఎవరూ ప్రార్థన చేయలేరు. ఆ రాత్రి ఎవరినీ బలవంతపెట్టకుండా అందరూ కలిసి కూర్చొని, ఒకరు "తండ్రీ" అని, మిగిలినవారు "ఆమేన్" అంటే చాలు. మధ్యలో ఉండవలసిన మాటలను ఉచ్చరింప శక్యముగాని మూలుగులతో ఆత్మయే విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక 8:26 చెబుతోంది.