పాత యంత్రానికి కంపెనీ సాయం – మూడవ పాఠం: జెనరేటరు నంబర్లు, తొలి లేఖ

గత పాఠంలో పాత జెనరేటరును లోడు మీద నడిపించి చూడటం, బేరం కుదుర్చుకోవడం తెలుసుకున్నాము. ఈ పాఠంలోని పని అడ్వాన్సు ఇవ్వక ముందే పూర్తి కావాలి. భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల రొయ్యల చెరువుల మీద అర్ధరాత్రి కరెంటు పోతే నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయి. చీకట్లో నీటిలో తేలే సూక్ష్మజీవులు, అంటే ప్లాంక్టన్ కూడా ఆక్సిజన్‌నే వాడుకుంటుంది కనుక, తెల్లవారే లోగా పంట మొత్తం పోవచ్చు. అటువంటి రాత్రి ఇంజను మొరాయిస్తే కంపెనీ మనిషి వస్తాడా రాడా అన్నది ఈరోజు మీరు రాసుకునే నంబర్ల మీద ఆధారపడి ఉంటుంది.

కంపెనీ రికార్డుల్లో యంత్రానికి గుర్తింపు దాని సీరియల్ నంబరే. అయితే జెనరేటరు ఒక్క కంపెనీ సరుకు కాదు. ఇంజను కిర్లోస్కర్‌ది, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ స్టాంఫర్డ్‌ది, రెంటినీ బిగించి శబ్దం రాని పెట్టెలో అమర్చినది మూడవ సంస్థ కావచ్చు. పెట్టె తలుపు మీద మెరిసే ప్లేటు సాధారణంగా ఆ మూడవ సంస్థదే. దానిని మాత్రమే ఫొటో తీసి ఇంజను కంపెనీకి పంపితే పని జరగదు.

అమ్మకందారులు తరచుగా ఇంజనుకు, దాని మీది ప్లేటుకు కలిపి ఒకే రంగు కొట్టించేస్తారు. థిన్నరులో ముంచిన గుడ్డతో ప్లేటును మెల్లగా తుడవండి. గీరితే అంకెలు కూడా పోతాయి. ఆ తరువాత సిలిండర్ బ్లాకు మీద అచ్చు కొట్టిన నంబరును వెతికి, జిడ్డు తుడిచి, పలుచని కాగితం అంటించి పెన్సిలును అడ్డంగా పెట్టి రుద్దితే, కంటికి ఆనని 3, 8 కూడా తేడాతో తేలతాయి. ఈ రెండు నంబర్లు కలవకపోతే బ్లాకు మారిందో, ప్లేటే మారిందో అమ్మేవారు కాగితాలతో చూపాలి. బ్లాకు మీది నంబరును గ్రైండరుతో అరగదీసి ఉంటే, ఎంత చవకగా ఇచ్చినా ఆ బేరం వదిలేయండి.

మోడల్ పేరు ఒక్కటే చాలదా అని అడుగుతారు. చాలదు. జెనరేటర్ల పొగ నిబంధనలు 2014లో ఒకసారి, 2023 జూలై 1 నుంచి మరొకసారి కఠినమయ్యాయి. సామర్థ్యం అదే అయినా, ఏ నిబంధన కింద తయారైందో దానిని బట్టి ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు మారవచ్చు. సరైన విడిభాగాల జాబితా కంపెనీ చేతిలో ఇంజను నంబరుతోనే తెరుచుకుంటుంది.

ఇక లేఖ. కొత్త జెనరేటరు సెట్లు అమ్మే కౌంటరులో అడిగితే ‘పాతదానికి సర్వీసు ఉండదండీ’ అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. వారి పని కొత్తవి అమ్మడం, తప్పు పట్టలేము. మీరు కంపెనీ సర్వీసు విభాగానికే ఇలా రాయండి:

‘అయ్యా, ఈ దిగువ నంబరు గల ఇంజనును వాడిన స్థితిలో కొనదలచాను. ప్లేటు, బ్లాకు ఫొటోలు జతపరిచాను. దీని తయారీ సంవత్సరం, విడిభాగాల లభ్యత, పశ్చిమ గోదావరి జిల్లాకు మీ అధీకృత సర్వీసు డీలరు వివరాలు తెలియజేయగలరు. మీ ఇంజనీరు వచ్చి పరిశీలించడానికి అయ్యే చార్జీలు చెల్లిస్తాను.’

చివరి వాక్యమే లేఖకు ప్రాణం. వారంటీ ఊసు ఇందులో ఎత్తవద్దు: అది చాలావరకు మొదటి కొనుగోలుదారుతోనే, నెలల గడువు, ఇంజను నడిచిన గంటల గడువు ఈ రెంటిలో ఏది ముందు నిండితే దానితోనే ముగుస్తుంది. పాత సర్వీసు చరిత్రను మాత్రం మరొకరి వివరాలంటూ కంపెనీ ఇవ్వకపోవచ్చు. అందుకని అమ్మేవారి చేత ఒక సమ్మతి పత్రం రాయించుకుని జతచేయండి. రాయడానికి ఆయన వెనకాడితే మీటరు చూపే గంటలను కూడా నమ్మనక్కరలేదు. సెట్టు బ్యాంకు అప్పు మీద కొన్నదైతే అప్పు తీరినట్లు పత్రం, మొదటి ఇన్వాయిసు నకలు కూడా తీసుకోవాలి.

అభ్యాసం: మీ చెరువు గట్టున గాని, పక్కవారి గట్టున గాని నడుస్తున్న జెనరేటరును ఆపించి, బ్యాటరీ తీగ విప్పించి, చల్లారిన తరువాత ఇంజను, ఆల్టర్నేటర్, పెట్టె నంబర్లు మూడూ కాగితం మీద పెన్సిలుతో తీసుకోండి. కంపెనీ ఇంజనీరు వచ్చిన రోజు ఆయన చేత ఏమేమి రాయించుకోవాలో నాలుగవ పాఠంలో చూద్దాము.