దీపావళి లోపే చిట్టికి ఏం నేర్పాలి?

బెంగళూరులో దీపావళి ఒక్క రాత్రితో పోదు. నరక చతుర్దశి తెల్లవారుజాము నుంచి బలిపాడ్యమి రాత్రి దాకా మోగుతూనే ఉంటుంది. టపాసులు రోజుకు రెండు గంటలే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అయినా మారతహళ్లిలో మా వీధి అర్ధరాత్రి దాకా సద్దుమణగదు. రోడ్డు మీద నుంచి తెచ్చుకున్న కుక్క ఇంట్లో ఉంటే, అందులోనూ అది మనల్ని క్షణం వదలని రకమైతే, కనీసం నెల ముందే సిద్ధం కావాలి.

మా చిట్టి అలాంటిదే. ఫోన్ మాట్లాడుతుంటే మొరుగుతుంది, లాప్‌టాప్ మీద కాళ్లు వేస్తుంది, బాత్రూమ్ తలుపు గోకుతుంది. పట్టించుకోవద్దని అందరూ చెప్పారు. మొదటి దీపావళి రాత్రి కూడా అలాగే పట్టించుకోకుండా ఉన్నాను. తలుపు గోకి గోకి గోళ్ల నుంచి రక్తం వచ్చింది. అది నా తప్పు. మారాం వేరు, భయం వేరు అని నాకు అప్పటికి తెలియదు.

మారాం చేసే కుక్క మన ముఖంలోకి చూస్తూ మొరుగుతుంది. కావలసింది దొరకగానే ఆపేస్తుంది. భయపడే కుక్క తోక కాళ్ల మధ్య దాచుకుని, చెవులు వెనక్కి వంచి, వణుకుతూ రొప్పుతుంది. చికెన్ ముక్క చూపించినా ముట్టదు. నేను ముందుగా చూసేది ఇదే.

మారాన్ని ఇప్పుడే తగ్గించాలి. మొరిగినప్పుడు చూడకండి, తాకకండి, తిట్టకండి. తిట్టినా మన దృష్టి దానికి దొరికినట్టే. మూడు నాలుగు సెకన్లు నోరు మూసుకోగానే పిలిచి నిమరండి. మొదటి వారం గోల ఇంకా పెరుగుతుంది. రోజూ తెరుచుకునే తలుపు ఈ రోజు తెరుచుకోకపోతే మనమైనా గట్టిగానే కొడతాం కదా. అప్పుడు జాలిపడి లొంగితే, ఎక్కువసేపు అరిస్తే పని జరుగుతుందని అది నేర్చుకుంటుంది.

ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండకపోతే ఇదంతా వృథా. మా అత్తమ్మ, చిట్టి అరిచినప్పుడల్లా చపాతీ ముక్క వేసేవారు. వద్దంటే నొచ్చుకున్నారు. అందుకని ఆ పనే ఆవిడకు అప్పగించాను: "అత్తమ్మా, అది బొంత మీద మాట్లాడకుండా పడుకున్నప్పుడు మీరే ముక్క వేయండి." పది రోజుల్లో చిట్టి వంటగదిలో అరవడం మానేసి, బొంత మీద కూర్చుని ఆవిడ వైపు చూడటం మొదలుపెట్టింది.

దాని అవసరాలు తీర్చకుండా మారాం మానమంటే అన్యాయం. రోజుకు రెండుసార్లు వాకింగ్, అక్కడ తనివితీరా వాసన చూసే తీరిక, సాయంత్రం తిండిలో కొంత పాత టవల్‌లో చుట్టి వెతుక్కోనివ్వడం, ఇవి చేస్తే సగం గోల తగ్గుతుంది.

బొంతను లోపలి గదిలో, బీరువాకూ మంచానికీ మధ్య పరిచాం. ఒంటరిగా ఉండటం అలవాటవ్వాలని, దాన్ని అక్కడ ఉంచి మనం బయటికి వచ్చి తలుపు పది సెకన్లు వేసి తీయడం, తర్వాత అర నిమిషం, తర్వాత రెండు నిమిషాలు. ఏడుపు మొదలవ్వకముందే తిరిగి రావాలి. ఒంటరిగా వదిలినప్పుడల్లా చొంగ కారుస్తూ తలుపు కొరికే కుక్కది మారాం కాదు, డాక్టర్‌కు చూపించండి. టపాసుల రికార్డింగ్‌ను వినీ వినపడనంత సన్నగా పెట్టి, అప్పుడే చికెన్ ఇవ్వండి. చెవులు వెనక్కి వంచితే ఆపేయండి.

భయం ఎక్కువున్న కుక్కకు మందు కావాలేమో పశువుల డాక్టర్‌ను రెండు వారాల ముందే అడగండి. ఆయన రాస్తే మామూలు రోజున ఒకసారి వేసి చూడొచ్చు. ఏస్‌ప్రోమజిన్ అనే మత్తు మందు ఒక్కటే రాస్తే ఎందుకని అడగండి, అది ఒంటిని మందగింపజేస్తుంది కానీ భయాన్ని తీయదు. మనుషుల నిద్రమాత్ర ఎప్పుడూ వద్దు. కాలర్‌కు ఫోన్ నంబర్ బిళ్ల కట్టండి. స్వీట్లు ఇవ్వడానికి వచ్చేవాళ్ల కోసం తలుపు తీసేటప్పుడు కుక్క లోపలి గదిలో ఉండాలి. కిస్మిస్, చాక్లెట్ దానికి విషం. స్వీట్ల డబ్బాలు ఎత్తులో పెట్టండి.

పండగ రోజు సాయంత్రం 5 లోపే వాకింగ్ ముగించండి. కిటికీలు, కర్టెన్లు మూసి, టీవీ, ఫ్యాన్ వేసి, ఒకరు తప్పకుండా దాని దగ్గర ఉండండి. ఆ రాత్రి మాత్రం దగ్గరకు వస్తే నిమరండి. ఓదారిస్తే భయం అలవాటైపోతుందని చాలామంది అంటారు, అది నిజం కాదు. మంచం కింద దూరితే లాగకండి, చేయి పెట్టకండి, పిల్లల్ని పంపకండి. ఎవరినైనా కరిస్తే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో కుక్కకు టీకా వేయించాం కదా అని ఊరుకోవద్దు.

బలిపాడ్యమి అయ్యాక కూడా నాలుగైదు రోజులు లీష్ విప్పకండి. రోడ్డు మీద పేలని టపాసులుంటాయి, ఎక్కడో ఒకటి మళ్లీ పేలుతుంది. తలుపు పాఠం కూడా మళ్లీ పది సెకన్ల దగ్గర నుంచే మొదలుపెట్టాలి. చిట్టికి రెండు నిమిషాల దాకా రావడానికి పోయినసారి తొమ్మిది రోజులు పట్టింది.