అద్భుతం ఉన్న క్రైస్తవ కథ ఎలా రాయాలి?

"డాక్టర్లు ఆశ వదులుకోమన్నారు. ఉపవాస ప్రార్థన పెట్టాం. మూడో రోజుకి రిపోర్టు నార్మల్ వచ్చింది." ఆదివారం చర్చిలో లేచి చెప్పే సాక్ష్యానికి ఈ మూడు వాక్యాలు చాలు. చెప్పే మనిషి కళ్ళెదుటే ఉంటాడు, అతను పడ్డ కష్టం సంఘానికి ముందే తెలుసు. కథలో ఆ సౌకర్యం ఉండదు. పైగా క్రైస్తవ కథ అనగానే చివరికి నయమైపోతుందని పాఠకుడు మొదటి పేజీలోనే ఊహించేస్తాడు. నయమవుతుందా లేదా అన్న టెన్షన్ మీద కథను నిలబెట్టలేం. మరి దేని మీద నిలబెట్టాలి?

1. ముందు పరీక్ష ఏమిటో తేల్చుకోండి

అద్భుతాన్ని కాసేపు పక్కన పెట్టండి. ఈ మనిషి తన విశ్వాసం కోసం ఏం పోగొట్టుకోవాల్సి రావచ్చు? ఒక్క వాక్యంలో రాసుకోండి. అది రాయలేకపోతే కథ ఇంకా దొరకలేదని అర్థం.

పరీక్ష అనగానే అందరూ జబ్బు దగ్గరికే వెళ్తారు. మన దగ్గర అంతకంటే పదునైనవి ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, ఆ తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను మన రాష్ట్రాల్లో బీసీ-సి కింద లెక్కిస్తారు. చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు ఉన్న మనుషులు అందుకే కనిపిస్తారు. డీఎస్సీలో మంచి మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయి వెరిఫికేషన్ రోజున "మీ మతం ఏమిటమ్మా?" అన్న ప్రశ్నకు ఏం చెబుతుంది? వాళ్ల నాన్న పాస్టర్ అయితే? దేవదూత ఎవరూ దిగిరాకుండానే కథ నడక మొదలుపెట్టింది. అలాగని ఆ పిల్లను దోషిని చేసి నిలబెట్టకండి. ఆమె ముందున్న రెండు దారుల్లోనూ నష్టం ఉందని పాఠకుడికి తెలిస్తే చాలు.

చరిత్రలోకి వెళ్లాలనుకునేవాళ్లకు ఒంగోలు ఉంది. 1876-78 కరవులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించారు. కూటి కోసం మతం మారారన్న మాట రాకుండా కరవు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. రచయితగా నాకైతే ఆ పెద్ద అంకె కంటే, అడిగినా బాప్తిస్మం దొరకక కాలువ గట్టు మీద మట్టి తట్ట మోస్తూ ఎదురుచూసిన మనిషి మీదే ఆసక్తి.

2. బైబిల్లో కథనం ఎలా నడిచిందో చూడండి

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తెరవండి. హేరోదు రాజు యేసు శిష్యుడు యాకోబును కత్తితో చంపించాడు. ఇంకో శిష్యుడు పేతురును మాత్రం దూత చెరసాలలోంచి బయటికి తెచ్చాడు. ఒకరికి అలా, ఇంకొకరికి ఇలా ఎందుకు జరిగిందో ఆ పుస్తకం రాసిన లూకా ఒక్క ముక్క కూడా చెప్పలేదు. పేతురు వచ్చి తలుపు తడితే, రొదే అనే పిల్ల సంతోషంలో తలుపు తీయడం మరిచిపోయి లోపలికి పరిగెత్తింది. లోపల ప్రార్థన చేస్తున్నవాళ్లేమో "నీకు పిచ్చా" అన్నారు. అద్భుతం పక్కనే నవ్వు ఉంది, అంతకుముందే సమాధి ఉంది. యోహాను 11లో లాజరు జబ్బు కబురు అందాక కూడా యేసు రెండు రోజులు కదల్లేదు. ఆ రెండు రోజులు లాజరు తోబుట్టువు మార్త ఇంట్లో ఎలా గడిచాయో ఊహించి ఒక పేజీ రాయండి. ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తెలియదు.

3. అద్భుతాన్ని కథ మధ్యలో పెట్టండి

మార్కాపురం దగ్గర పలకల గనుల్లో పనిచేసే అన్నదమ్ములు ఇద్దరు అనుకోండి. రాతి దుమ్ముకు ఇద్దరి ఊపిరితిత్తులూ పాడయ్యాయి. ఇద్దరూ ఒకే కూటంలో ప్రార్థన చేయించుకున్నారు. తమ్ముడు కోలుకున్నాడు, అన్న పోయాడు. ఇక్కడితో ఆపితే అది సాక్ష్యం. వచ్చే ఆదివారం తమ్ముణ్ణి సాక్ష్యం చెప్పమంటారు. మూడో వరుసలో వదిన కూర్చుని ఉంది. అతను లేచి నిలబడాలి. కథ ఇక్కడుంది. బైబిల్లో ఏలీయా ప్రవక్త ప్రార్థనకు కర్మెలు కొండ మీద అగ్ని దిగింది, మరుసటి అధ్యాయంలోనే అతను చచ్చిపోతానన్నాడని గుర్తు పెట్టుకోండి.

అద్భుతం జరిగే ఘట్టాన్ని పొట్టిగా రాయండి. తెల్లని వెలుగు, సువాసన, ఆకాశవాణి వద్దు. రోజూ రాత్రంతా దగ్గేవాడు ఆ రాత్రి తెల్లారేదాకా దగ్గలేదని భార్యకు నిద్ర లేచాక తట్టడం చాలు.

డాక్టర్‌ను తెలివితక్కువవాణ్ణి చేయకండి. మాత్రలు పారేసి విశ్వాసం నిరూపించుకునే పాత్రను అసలే రాయకండి, చదివి నిజంగా పారేసేవాళ్లు ఉంటారు. బైబిల్లో హిజ్కియా రాజుకు నయమైనప్పుడు కూడా యెషయా ప్రవక్త పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు కదా.

4. సందేహం మంచివాళ్లకు ఇవ్వండి

మన కథల్లో సందేహించేవాడు తాగుబోతు భర్తో, వెటకారం చేసే పక్కింటాయనో అవుతాడు. చివరి పేజీలో మారుమనస్సు పొందుతాడు. ఇది మానేయండి. సందేహం పాస్టరమ్మకు రావాలి, ముప్పై ఏళ్లుగా సండే స్కూల్ చెప్పిన టీచర్‌కు రావాలి. మార్కు సువార్తలో బాగుచేయమని కొడుకును యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి నమ్ముతున్నానంటూనే అపనమ్మకం పోయేలా సాయం చేయమన్నాడు. యేసు అతన్ని వెనక్కి పంపలేదు. పక్కింటి హిందూ ఆవిడ ఆసుపత్రికి క్యారేజీ తెచ్చిందంటే, ఆవిడను క్యారేజీ తెచ్చిన మనిషిగానే ఉండనివ్వండి.

5. ప్రార్థన భాష, ఇంటి భాష వేరుగా వినిపించాలి

పాస్టర్ అయ్యగారు "పరిశుద్ధుడవైన తండ్రీ, నీ సన్నిధికి వచ్చియున్నాము" అని మొదలుపెడతారు. ఆమేన్ అనగానే "కాస్త టీ పెట్టమ్మా" అంటారు. రెండూ నిజమే, రెండూ ఉండాలి. ఐసీయూ బయట నేల మీద కూర్చున్న తల్లి నోట మాత్రం ఆ గ్రాంథికం పలికించకండి. "అయ్యా, వాణ్ణి వదిలెయ్యయ్యా, నన్ను తీసుకో" అంటుంది, లేదా ఏమీ అనలేకపోతుంది.

6. దిద్దేటప్పుడు

కథలో వాడిన బైబిల్ వచనాలను లెక్కపెట్టండి. కథ మొత్తానికి ఒకటి, మహా అయితే రెండు. చివరి పేరా ప్రసంగంలా ఉంటే కొట్టేసి చూడండి, చాలాసార్లు దాని ముందు పేరాయే అసలు ముగింపు అవుతుంది. తర్వాత ఇద్దరి చేత చదివించండి: ఒకరు మీ సంఘంలోని వాళ్లు, ఇంకొకరు చర్చి గడప తొక్కనివాళ్లు. బాగుందా అని అడక్కండి, మొహమాటానికి బాగుందనే అంటారు. "చదువుతూ ఎక్కడ నమ్మలేకపోయారు?" అని అడగండి. ఇద్దరూ ఒకే పేజీ చూపిస్తే ఆ పేజీ మళ్లీ రాయండి. వాళ్లు చూపించింది అద్భుతం జరిగిన పేజీ అయితే, లోపం దాని ముందు పేజీల్లో ఉందేమో వెతకండి.