పాత కారు పెట్రోల్ లైన్ విప్పే ముందు

మాది కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజనుకిచ్చే పాత పద్ధతి) మారుతి 800. మే నెలలో విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగిందంటే మళ్లీ స్టార్టవడానికి మారాం చేసేది. ఆటోనగర్ తీసుకెళ్లే ముందు ఇంటి దగ్గరే ఓ చూపు చూద్దాం అనుకునేవాళ్లకి ఈ నాలుగు మాటలు.

• ముందు ట్యాంకులో పెట్రోల్ ఉందో లేదో చూడండి. నవ్వకండి, పాత గేజీని నమ్మి సగం ఇంజను విప్పినవాణ్ణి నేను.

• ఇంజను పూర్తిగా చల్లారాలి. మన ఎండలకి తెల్లవారుజామే నయం.

• అపార్ట్‌మెంట్ సెల్లారులో వద్దే వద్దు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. నేలబారున పాకి అటుపక్క నీళ్ల మోటారు స్విచ్చి దాకా పోతుంది. ఆ స్విచ్చి వేస్తే చాలు, ఒక్క నిప్పురవ్వ. ఆరుబయటే చేయండి, పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి.

• ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) బండైతే లైన్లో ప్రెషర్ ఉంటుంది. ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకి, స్టార్ట్ చేసి, దానంతటదే ఆగేదాకా వదిలేయండి. తర్వాతే బ్యాటరీ నెగటివ్ తీయాలి. అయినా జాయింటుకి గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని విప్పండి.

• నోటితో పైపు పెట్టి పెట్రోల్ లాగకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుంది.

• కొత్త ఫ్యూయల్ హోసు, క్లిప్పులు ముందే తెచ్చుకోండి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరుకి పడదు. వంచి చూస్తే సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. నీళ్ల పైపు ముక్కతో సరిపెట్టకండి.