మూడో పాఠం: మేత ఏమిటి, పంజరాలు ఎన్ని?

గత పాఠంలో సారాంశాన్ని పక్కన పెట్టి నేరుగా పద్ధతుల విభాగం తెరవడం అలవాటు చేసుకున్నాం. కొవ్వు మేత తిన్న చుంచెలుకలకు ఫలానా మొక్క సారం ఇస్తే పేగుల్లో మేలుచేసే బ్యాక్టీరియా పెరిగిందని చెప్పే పరిశోధనపత్రాన్ని ఈసారి ఆ విభాగంలోనే నిలదీద్దాం.

అలా పెరగడం నమ్మరాని సంగతేమీ కాదు. మొక్కల్లోని పాలీఫినాల్స్ అనే రసాయనాల్లో అధికభాగం చిన్నపేగులో ఇంకకుండా పెద్దపేగు దాకా వెళ్లి, అక్కడి బ్యాక్టీరియాకు చిక్కుతుంది. పేగు గోడ మీది జిగురుపొరను తిని బతికే అక్కర్‌మాన్సియా అనే బ్యాక్టీరియా వాటా, కొవ్వూ చక్కెరా దండిగా ఉన్న మేతతోపాటు క్రాన్‌బెర్రీ సారం తీసుకున్న చుంచెలుకల్లో పెరిగిందని 2015లో వెలువడిన ఒక పత్రం చూపింది.

ముందు మేత చూడండి. ఇటువంటి ప్రయోగాల్లో తరచుగా వాడే మేతలో 60 శాతం క్యాలరీలు కొవ్వు నుంచి, అందులోనూ ప్రధానంగా పందికొవ్వు నుంచి వస్తాయి. శుద్ధిచేసిన పదార్థాలతో కలిపిన మేత కనుక, అందులోని పీచు దాదాపుగా బ్యాక్టీరియాకు కొరుకుడుపడని సెల్యులోజే. పోలిక గుంపుకు గోధుమ, మొక్కజొన్న, సోయాలతో చేసిన మామూలు మేత వేసి ఉంటే, కనిపించిన తేడా కొవ్వుదా, పీచుదా అన్నది తేలదు. అవే శుద్ధ పదార్థాలతో, 10 శాతం కొవ్వుతో చేసిన మేత వాడారా అని వెతకాలి. ఇచ్చింది వడకట్టిన సారం కాక ఆకుల పొడి అయితే, ఆ పొడిలోని పీచే పని చేసి ఉండవచ్చు.

తర్వాత పంజరాలు లెక్కపెట్టండి. చాలామంది దాటేసే వాక్యం ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనదీ ఇదే. చుంచెలుకలు ఒకదాని పెంటికలు మరొకటి తింటాయి (చెప్పుకోవడానికి బాగోదు గానీ, లెక్కను మార్చేది అదే), అందుచేత ఒకే పంజరంలో ఉన్నవాటి బ్యాక్టీరియా కొన్నాళ్లకు ఒకే తీరుగా తయారవుతుంది. సారం తిన్న పదింటిని రెండే పంజరాల్లో ఉంచితే, పత్రంలో 10 అని ఉన్నా మీరు 2కు దగ్గరగానే చదువుకోవాలి.

బెంగళూరు పాఠకులు కొందరు జయనగర్ దుకాణాల్లో చూసిన ద్రాక్షగింజల సారం బిళ్లలను పత్రంలోని మోతాదుతో ఎలా పోల్చాలని అడిగారు. ఉదాహరణకు, చుంచెలుక శరీర బరువులో కిలోకు 200 మిల్లీగ్రాములు అని ఉంటే, దాన్ని 60 కిలోల మనిషికి నేరుగా గుణిస్తే 12 గ్రాములు వస్తుంది, అది తప్పు. శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి చుంచెలుక మోతాదును ముందు 12.3తో భాగించాలి, అప్పుడు మొత్తం సుమారు 975 మిల్లీగ్రాములే అవుతుంది. ఇది పోలిక కోసం వేసిన లెక్క మాత్రమే. ఆ మోతాదు మనిషికి పనిచేస్తుందని గానీ, సురక్షితమని గానీ చెప్పదు.

అభ్యాసం: ఒక పత్రంలో మోతాదు కిలోకు 400 మిల్లీగ్రాములు, పంజరానికి నాలుగు చొప్పున గుంపుకు 12 చుంచెలుకలు, పోలిక గుంపుకు మామూలు మేత అని ఉంది. 70 కిలోల మనిషికి సరిపోలే మోతాదును, 12కు బదులు మీరు చదువుకునే అంకెను, రచయితలను మీరు అడగబోయే ప్రశ్నను రాసుకోండి. జవాబులు నాలుగో పాఠంలో.